సంక్రాంతికి ఐస్ రింక్ పెడదామనుకున్నాం... మావయ్య కరెంటు బిల్లు అడిగాడు!

మొన్న శివరాత్రికి పట్టిసీమ వెళ్ళినప్పుడు నా ఫోన్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. ఫైల్ పేరు ‘గోదారి ఐస్’. నేనూ, నాతో బీటెక్ చదివిన ఇద్దరు ఫ్రెండ్సూ రెండు నెలలు రాత్రుళ్ళు వీడియో కాల్‌లో కూర్చుని తయారు చేసిన లెక్క అది. ప్లాన్ సింపుల్. వచ్చే సంక్రాంతికి రాజమండ్రి నడిబొడ్డున, నెల రోజులపాటు, ఆరుబయట ఐస్ రింక్ పెట్టాలి. అంటే నిజం మంచుగడ్డ మీద బ్లేడ్ల బూట్లు వేసుకుని జారే చోటు. తలా ఆరు లక్షలు. నా ఆరు లక్షలంటే ఈఎంఐలూ అద్దెలూ పోను ఇన్నేళ్ళ ఉద్యోగంలో మిగిలిందంతా అన్నమాట.

షీట్‌లో అన్నీ ఉన్నాయి. టికెట్ రేటు, బూట్ల అద్దె, సెల్ఫీ పాయింట్, రీల్స్ చేసేవాళ్ళకి బడ్జెట్. మంచు గురించి మాత్రం ఒక్కటే లైను: ‘చిల్లర్ అద్దె + కరెంటు = 2 లక్షలు (కనుక్కోవాలి)’.

మా మావయ్య భీమవరం వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ పైనుంచీ ఆపరేటర్. చేపలకీ రొయ్యలకీ ఐస్ వేసి లారీలెక్కిస్తారు చూడండి, ఆ ఐస్. ఎక్కడున్నా శివరాత్రికి మాత్రం పట్టిసీమ వచ్చేస్తాడు. రేవులో లాంచీ కోసం నిలబడ్డప్పుడు, ఎలాగూ టైముంది కదా అని షీట్ చూపించాను.

‘‘ఐస్ మీద నడవడానికి టికెట్టా?’’ అన్నాడు మావయ్య. ‘‘మా ఫ్యాక్టరీకి రమ్మనరా, ఊరికే నడిపిస్తాను. పడితే దెబ్బలు కూడా ఫ్రీ.’’

తర్వాత ఆ ఒక్క లైను దగ్గర వేలు పెట్టి ఆగాడు. ‘‘ఈ రెండు లక్షలు ఏంటి, ఒక రోజుకా?’’

కొబ్బరి చెట్లు కాదు గానీ...

అసలీ పిచ్చి ఎక్కడ అంటుకుందో చెప్పాలి. 2019 డిసెంబర్‌లో నేను శాన్ హోసేలో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నాను. సిలికాన్ వ్యాలీ అన్నమాటే గానీ మాకు తెలిసిన వ్యాలీ అంతా యూనివర్సిటీ లైబ్రరీ, ఇండియన్ గ్రోసరీ షాపు, అంతే. ఫైనల్స్ అయిన రోజు రాత్రి రూమ్మేట్లు డౌన్‌టౌన్‌కి లాక్కెళ్ళారు. అక్కడ ఆర్ట్ మ్యూజియం పక్కన గుండ్రంగా నాటిన తాటి జాతి చెట్లు. చెట్లకి లైట్లు. వాటి కింద తెల్లగా మెరుస్తూ మంచు! స్వెట్టర్ కూడా అక్కర్లేదనిపించే చలి. పిల్లలు చెట్ల మధ్య జుయ్‌మని తిరుగుతున్నారు.

ఏటా నవంబర్ మధ్యలో వేసి జనవరి మధ్యలో తీసేసే రింక్ అది. నడిపింది అక్కడి డౌన్‌టౌన్ అసోసియేషన్, అంటే ఆ వీధుల వ్యాపారాల సంఘం. 1992 ఒలింపిక్స్ ఫిగర్ స్కేటింగ్‌లో బంగారం గెలిచిన క్రిస్టీ యమగూచి పేరు కూడా దానికి తగిలించారు. ఆవిడ పెరిగింది పక్కనే ఫ్రీమాంట్‌లో. ఫ్రీమాంట్ అంటే మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మా క్లాసులో సగం మంది పెద్దమ్మలూ బాబాయిలూ అక్కడే ఉంటారు.

నేను ముప్పావు గంట గోడ పట్టుకునే తిరిగాను. నాలుగుసార్లు పడ్డాను. పెంగ్విన్ బొమ్మ పట్టుకుని నడుస్తున్న ఐదేళ్ళ పాప నన్ను ఓవర్‌టేక్ చేసి వెళ్ళిపోయింది. కానీ బయటికొచ్చాక నన్ను ఆపింది ఒక శబ్దం. కంచె వెనకనుంచి పెద్ద జనరేటర్ లాంటి మోత. ఆ పాటలూ లైట్లూ అన్నీ ఆగినా అది మాత్రం ఆగేలా లేదు. ఇంజినీరింగ్ చదివిన బుద్ధి కదా, అటువైపు నడిచాను. లారీ ట్రైలరంత పెట్టె, దాంట్లోంచి రింక్ కిందికి రెండు లావు గొట్టాలు, వాటికి తెల్లగా మంచు పట్టి ఉంది. ఫొటో తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది. లాంచీలో మావయ్యకి అదే చూపించాను.

జూమ్ చేసి చూశాడు. ‘‘ఇది మా ఫ్యాక్టరీయేరా. ట్యాంకు బదులు నేల మీద పరిచారు, అంతే తేడా.’’

ఉప్పునీళ్ళ రహస్యం

నిజంగానే అంతే తేడా. మన జిల్లాల్లో ఐస్ ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళి చూడనివాళ్ళ కోసం చెప్తాను. పెద్ద ట్యాంకు నిండా ఉప్పునీళ్ళు ఉంటాయి. అమ్మోనియా తిరిగే గొట్టాలు ఆ నీళ్ళని సున్నాకి పది డిగ్రీల కిందికి లాగేస్తాయి. ఉప్పుండటం వల్ల ఆ నీళ్ళు మాత్రం గడ్డకట్టవు. మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాల్ని అందులో ముంచితే, లోపలి నీళ్ళు నెమ్మదిగా గడ్డకడతాయి. క్రేన్‌తో డబ్బా లేపి, మామూలు నీళ్ళలో ఒక్కసారి ముంచి బోర్లిస్తే దిమ్మ జారి పడుతుంది.

రింక్‌లో ఉప్పునీళ్ళ బదులు ఎక్కువగా గ్లైకాల్ కలిపిన నీళ్ళు వాడతారు. చలి దేశాల్లో కారు రేడియేటర్‌లో పోసేది దాదాపు అదే. చదును చేసిన నేల మీద, చాలాచోట్ల ఇసుక పరుపు మీద, సన్నటి గొట్టాలు పక్కపక్కనే చాపలా పరుస్తారు. ఆ గొట్టాల్లో చల్లటి గ్లైకాల్ తిరుగుతూ ఉంటుంది. పైన నీళ్ళు చల్లుతారు. ఒకేసారి పోసేస్తే కుదరదు. పొగలా పల్చగా చల్లాలి, గడ్డకట్టాక ఇంకో పొర, దాని మీద ఇంకో పొర. మధ్యలో తెల్ల రంగు వేస్తారు, అందం కోసం ఒక్కటే కాదు, ఎండని వెనక్కి కొట్టడానికి. ఇలా రెండు మూడు అంగుళాల మందం రావడానికి రోజులు పడుతుంది. నేల ఒక పక్క సెంటీమీటరు వాలినా నీళ్ళు అటే పోతాయి, ఒకచోట మందం, ఒకచోట గొట్టాలు బయటపడేంత పల్చన.

ఈ రెండు వ్యాపారాల చుట్టరికం చాలా పాతది. ప్రపంచంలో మెషీన్‌తో చేసిన మొదటి ఐస్ రింక్ 1876లో లండన్ చెల్సీలో పెట్టారు. పెట్టిన జాన్ గాంజీ స్కేటింగ్ మనిషి కాదు, పశువైద్యుడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి మాంసం పాడవకుండా ఓడల్లో ఎలా తేవాలా అని తంటాలు పడుతుంటే దొరికిన పద్ధతి అది. మన రొయ్యల ఎక్స్‌పోర్ట్ బాపతే అనుకోండి.

రింక్ మీద మంచుని నున్నగా చేసే బండి ‘జాంబోనీ’ కథ ఇంకా బావుంటుంది. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ అన్నదమ్ములకి ఐస్ దిమ్మల ఫ్యాక్టరీ ఉండేది. ఇంటింటికీ ఫ్రిజ్‌లు రావడంతో దిమ్మలు కొనేవాడు తగ్గిపోయాడు. చేతిలో విద్య ఉంది, సరుకు పోవడం లేదు. అప్పుడు 1940లో రింక్ తెరిచారు. మొదట ఆరుబయటే. ఎండకీ పొడిగాలికీ మంచు నిలవకపోయేసరికి కొన్ని నెలల్లోనే పైన కప్పు వేసుకోవాల్సొచ్చింది. ఆటల మధ్య మంచు గీకి, కడిగి, మళ్ళీ నీళ్ళు పోయడానికి ముగ్గురు నలుగురు మనుషులకి గంట పైనే పట్టేది. ఆ విసుగులోంచి 1949లో ఒక్కడే తోలే బండి తయారుచేశాడు. అది వెనకనుంచి పోసేది వేడినీళ్ళు. గీతల్లో ఉన్న మంచుని కాస్త కరిగించి పట్టుకుంటాయి, వేడి చేస్తే నీళ్ళలో గాలి తగ్గుతుంది కాబట్టి గట్టిగా, తేటగా గడ్డకడతాయి.

ఇది చెప్తే మావయ్య చాలాసేపు నవ్వాడు. ‘‘ఫ్రిజ్‌లొచ్చాక ఐస్ ఫ్యాక్టరీవాడు ఏం చేస్తాడా అనుకున్నాను. డాన్సు హాలు పెడతాడన్నమాట.’’

అసలు లెక్క ఇదీ

లాంచీ దిగి ఇసుకలో నడుస్తున్నాం. చలువ పందిళ్ళ నీడ ఉన్నంతసేపూ బానే ఉంది, నీడ దాటగానే అరికాళ్ళు చురుక్కుమన్నాయి. మావయ్య ఆగి, ‘‘ఇక్కడ నిలబడి చెప్పు, నీ ఐస్ ఎన్ని గంటలుంటుందో’’ అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని మొదటిసారి సరిగ్గా లెక్క వేశాను. మీరూ వేసుకోవచ్చు, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

రింక్ 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, మంచు 5 సెంటీమీటర్ల మందం అనుకుందాం. 30 టన్నుల నీళ్ళు. ఒక్కోటి 150 కిలోల దిమ్మ అనుకుంటే 200 దిమ్మలు. 28 డిగ్రీల నీళ్ళని గడ్డకట్టించి, ఇంకాస్త కిందికి దించడానికి, మెషీన్ తినే కరెంటు నా లెక్కలో సుమారు 1,500 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 15 వేలు. ఇంతేనా అనిపించింది. మావయ్యకి వెంటనే వాట్సాప్ చేశాను, రెండు లక్షల్లో అయిపోతుందని.

‘‘కట్టించడానికి ఎవడైనా కట్టిస్తాడు అల్లుడూ. మేం దిమ్మ తీయగానే అమ్మేస్తాం, పొట్టులోనో లారీలోనో పడిపోతుంది, ఇక అది నా బాధ్యత కాదు. నువ్వు నెల రోజులు ఎండలో పెట్టుకుని కాస్తానంటున్నావు.’’

కాపలా లెక్క వేస్తే అప్పుడు అర్థమైంది. జనవరి అయినా రాజమండ్రిలో మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద 700 వాట్ల పైన ఎండ పడుతుంది. తెల్ల మంచు సగం వెనక్కి కొట్టినా మిగతా సగం లోపలికి దిగుతుంది. ఇక గాలి. ముప్పై డిగ్రీల గాలి, మైనస్ నాలుగు డిగ్రీల మంచు మీద నుంచి నిమిషం ఆగకుండా వీస్తూ ఉంటుంది. అన్నీ కలిపితే మధ్యాహ్నం గంటకి దాదాపు 300 యూనిట్లు! అంటే మొత్తం రింక్‌ని గడ్డకట్టించడానికి పట్టిన కరెంటు ఐదు గంటల్లో ఊరికే ఆవిరి. రాత్రి కాస్త తగ్గినా రోజుకి 5,000 యూనిట్ల చుట్టూ తేలింది. రోజుకి 50 వేలు. నెలకి 15 లక్షలు.

మా ముగ్గురి మొత్తం పెట్టుబడి 18 లక్షలు. ఇంకా బూట్లు కొనలేదు, చిల్లర్ అద్దె కట్టలేదు, స్థలం అడగలేదు. ఇంత లోడ్‌కి హెచ్‌టీ కనెక్షన్, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కరెంటు పోతే నిలబెట్టడానికి అంత జనరేటరూ కావాలి. ‘చిల్లర ఖర్చులు’ అనే కాలమ్‌లో చిల్లర్‌ని పెట్టింది మేమే.

పైన టెంట్ వేస్తే ఎండ ఆగుతుంది కదా అంటారా? మేమూ అదే అనుకున్నాం. అక్కడ వస్తుంది అసలు విలన్: తేమ. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకి బయట చెమట పడుతుంది చూడండి, మన గోదారి గాలిలో రింక్ మొత్తం అలాంటి సీసాయే. గాలిలోని ఆవిరి మంచు మీద నీరై, ఆ నీరు గడ్డకడుతూ, తన వేడినంతా మంచుకే అప్పజెప్పి పోతుంది. పైగా మూసేసిన చోట పొగమంచు కమ్ముతుంది. గాంజీ రింక్‌ని లండన్‌లోనే ఆ పొగమంచు ముంచింది. చుట్టూ ఎలాగో గోదారి, కాలువలు, చెరువులు ఉన్న ఊళ్ళో ఇంకేం చెప్పాలి?

మన దేశంలో కూడా ఆరుబయట రింక్ ఒకటుంది, సిమ్లా లక్కర్ బజార్ దగ్గర. 1920 నుంచీ నడుస్తోంది. టెన్నిస్ కోర్టు మీద కారిన నీళ్ళు రాత్రికి రాత్రి గడ్డకట్టడం చూసి బ్లెసింగ్టన్ అనే దొరకి వచ్చిన ఐడియా. అక్కడ పాతకాలం నుంచీ మెషీన్ లేదు. సాయంత్రం నీళ్ళు చల్లుతారు, ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రి వేడంతా పైకి పోయి గడ్డకడుతుంది. మబ్బు పడితే మర్నాడు స్కేటింగ్ లేదు. సిమ్లాకే ఆకాశం కేసి చూసే ఖర్మ పడితే, రాజమండ్రికి రెండు చేతులా కరెంటు కొనుక్కోక తప్పదు.

మరి వాళ్ళెలా గిట్టించుకుంటున్నారు?

ఇదే ప్రశ్న నన్ను వారం రోజులు తిన్నది. శాన్ హోసే గాలి పొడిగా ఉంటుంది, డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా సగటున పదిహేను డిగ్రీల దగ్గరే ఉంటుంది, నిజమే. అయినా ఖర్చు ఖర్చే. టికెట్ల మీదే బతకాలంటే కష్టం.

జవాబు న్యూయార్క్‌లో దొరికింది. రాక్‌ఫెల్లర్ సెంటర్ రింక్ సినిమాల్లో చూసే ఉంటారు. 1936 క్రిస్మస్‌కి దాన్ని తెరిచింది స్కేటింగ్ మీద ప్రేమతో కాదు. అక్కడ నేలకి కిందగా కట్టిన ప్లాజాలో షాపులు పెడితే జనం మెట్లు దిగి రాలేదు. జనాన్ని రప్పించడానికి తాత్కాలికంగా మంచు వేశారు. ఆ తాత్కాలికం దాదాపు తొంభై ఏళ్ళుగా ఉంది. శాన్ హోసేలో కూడా నడిపింది వ్యాపారుల సంఘమే కదా. చలికాలం రాత్రి డౌన్‌టౌన్‌కి జనం రావాలి, వచ్చినవాళ్ళు కాఫీ తాగాలి, డిన్నర్ చేయాలి. స్పాన్సర్లు తమ బోర్డు పెట్టుకోడానికి డబ్బులిస్తారు. మంచు ఎర అన్నమాట.

మావయ్యకి ఇది చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ‘‘తీర్థం కదరా’’ అన్నాడు. ‘‘జనం దేవుడి కోసం వస్తారు. జీళ్ళవాడు, గాజులవాడు, లాంచీవాడు బతుకుతారు. దేవుడు టికెట్ మీద బతకడు. మరి మీరు దేవుణ్ణి పెడుతున్నారు గానీ, చుట్టూ కొట్లు ఎవరివి?’’

మా షీట్‌లో చుట్టూ కొట్లు లేవు. అవన్నీ వేరేవాళ్ళవి. మా మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళు పక్కవీధి బిర్యానీ సెంటర్‌కి లాభం తెస్తారు, మేం కరెంటు బిల్లు కడతాం.

ఇంకో మాట కూడా అడిగాడు మావయ్య, నేను అస్సలు ఆలోచించనిది: ‘‘గ్యాస్ ఏం వాడతావు?’’ తాత్కాలిక రింక్‌ల చిల్లర్లలో చాలావాటికి అమ్మోనియా ఉండదు, మామూలు ఏసీ గ్యాస్ బాపతు వాడతారు. కానీ ఎప్పుడూ ఉండే పెద్ద రింక్‌లు చాలావరకు అమ్మోనియా మీదే నడుస్తాయి. 2017 అక్టోబర్‌లో కెనడాలోని ఫెర్నీ అనే చిన్న ఊళ్ళో, రింక్ ప్లాంట్‌లో అమ్మోనియా లీకై పనిచేస్తున్న ముగ్గురు చనిపోయారు. అది చదివి వినిపిస్తే మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పరిగెత్తాలి, తడిగుడ్డ ముక్కుకి కట్టుకోవాలి, ముందు మనుషులు, తర్వాతే మెషీన్... ఇవన్నీ తను చేరిన మొదటి వారంలోనే పాత ఆపరేటర్ నేర్పాడట. ‘‘జనం గంతులేసే చోట ఆ పక్కనే ఎవడో ఒకడు రాత్రంతా మీటర్లు చూస్తూ కూర్చుంటాడు. వాడి జీతం రాశావా?’’

రాయలేదు. స్కేట్ నేర్పేవాళ్ళకి రాశాం, డీజేకి రాశాం. రాత్రి రెండింటికి జనం పోయాక మంచు గీకి, నీళ్ళు చల్లి, పగుళ్ళు పూడ్చే మనిషికి రాయలేదు. శాన్ హోసేలో ఆ పెట్టె పక్కన నేను నిలబడ్డప్పుడు లోపల ఒక పెద్దాయన థర్మాస్‌లో కాఫీ తాగుతూ ఉన్నాడు. నా ఫొటోలో ఆయన మోచెయ్యి మాత్రం పడింది.

ఫ్రెండ్స్‌కి లెక్కంతా పంపాను. ఒకడు బాధగా ఒక ఎమోజీ పెట్టి ఊరుకున్నాడు. ఇంకోడు అప్పటికే ప్లాన్ బీ వెతికాడు: సింథటిక్ ఐస్. అంటే ప్లాస్టిక్ పలకలు. కరెంటు అక్కర్లేదు, కరగదు, నిజం బ్లేడ్లతోనే జారొచ్చు. కాకపోతే మంచంత నున్నగా జారదు, చల్లగా ఉండదు, పడితే చొక్కా తడవదు. దాని కొటేషన్ వచ్చింది. మా ముగ్గురికీ మోయగలిగే అంకెే. మావయ్యకి ఫోన్ చేసి ప్లాస్టిక్ సంగతి చెప్పాను.

‘‘చల్లగా ఉండదా?’’

‘‘ఉండదు మావయ్యా.’’

‘‘మరి దాని పేరు ఐస్ అని బోర్డు మీద ఎలా రాస్తార్రా?’’

నేను ఏదో చెప్పబోతుంటే వెనకాల కంప్రెసర్ మోత మారింది. ఎవరో కేకేశారు. ‘‘ఉండు, లైన్లో ప్రెజర్ పెరుగుతోంది, తర్వాత చేస్తాను’’ అని పెట్టేశాడు.

ఫైల్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. రాత్రి ఆపరేటర్ జీతం అని ఒక లైను కలిపాను. అంకె మావయ్యని అడగాలి.